ఆ రోజు రచయిత ఎక్కడున్నాడు?

ప్రశ్న: "ఏళ్ల తరబడి ఉద్యమంలో తిరిగిన కార్యకర్త, తర్వాత తన నాయకుడి జీవితచరిత్ర రాస్తే దాన్ని నమ్మొచ్చా? భక్తి అడ్డురాదా?"

అడ్డొస్తుంది. కానీ భక్తి వల్ల జరిగే నష్టం తక్కువ, ఎందుకంటే అది పైకే కనిపిస్తుంది. పొగడ్తను పొగడ్తగా పోల్చుకుని పక్కన పెట్టి చదువుకునే తెలివి పాఠకులకు ఉంది. అసలు నష్టం వేరే చోట జరుగుతుంది. ఇరవై ఏళ్లు ఒక మనిషి వెంట తిరిగినవాడికి, ఆయన జీవితంలో ప్రతి ఘట్టంలోనూ తాను పక్కనే ఉన్నట్టు అనిపిస్తుంది. కళ్లారా చూసింది, ఎవరో చెప్పగా విన్నది, పత్రికలో చదివింది, ఈ మూడూ ఏళ్లు గడిచేకొద్దీ ఒకే జ్ఞాపకంగా గడ్డకడతాయి. రాసేటప్పుడు మూడూ ఒకే గొంతుతో బయటికొస్తాయి. అబద్ధం చెప్పాలన్న ఉద్దేశం ఎవరికీ ఉండదు, అయినా తప్పు అచ్చయిపోతుంది.

అందుకని ఇలాంటి పుస్తకం చేతికొస్తే ప్రతి ముఖ్యమైన ఘట్టం దగ్గరా ఒక్కటే అడగండి. ఆ రోజు రచయిత ఎక్కడున్నాడు? పుస్తకం దీనికి జవాబు చెబుతుంటే, భక్తి ఎంతున్నా నమ్మకంగా చదవండి. చెప్పకపోతే, ఎంత నిష్పక్షపాతంగా కనిపించినా పెన్సిలు చేత్తో పట్టుకునే చదవండి.

దీనికి గాంధీ జీవితచరిత్ర రాసిన ప్యారేలాల్‌ని మించిన ఉదాహరణ మన దేశంలో లేదు. 1899లో ఢిల్లీలో పుట్టారు. లాహోర్‌లో ఎం.ఏ. చదువుతూ 1920లో సహాయ నిరాకరణ పిలుపు వినగానే చదువు వదిలేసి గాంధీ దగ్గరికి వచ్చేశారు. దండి యాత్రలో నడిచారు, జైళ్లకు వెళ్లారు. గాంధీ కార్యదర్శి మహాదేవ్ దేశాయ్‌కి సాయంగా పనిచేశారు. 1942 ఆగస్టు 15న ఆగాఖాన్ ప్యాలెస్ నిర్బంధంలో మహాదేవ్ చనిపోయాక కార్యదర్శి పనంతా ప్యారేలాల్ మీదే పడింది. గాంధీ పోయాక తను బతికిన 34 ఏళ్లూ ప్రధానంగా ఆ జీవితచరిత్రకే పెట్టారు. కార్యకర్త జీవితచరిత్రకారుడిగా మారడం అంటే ఏమిటో, అందులో ఏది నిలుస్తుందో ఏది దెబ్బతింటుందో ఆయన దగ్గర రెండూ కనిపిస్తాయి.

మతకల్లోలాలు జరిగిన తూర్పు బెంగాల్ జిల్లా నోవాఖాలీ సంగతే తీసుకోండి. 1946 నవంబరు 20న గాంధీ తనతో వచ్చినవాళ్లను ఒక్కొక్కరిని ఒక్కో ఊరికి పంపేశారు. శ్రీరాంపూర్‌లో ఆయనతో మిగిలింది దుబాసీగా ప్రొఫెసర్ నిర్మల్ కుమార్ బోస్, స్టెనోగా పరశురామ్. ప్యారేలాల్‌కి వచ్చిన ఊరు భాటియాల్‌పూర్. అక్కడ ఆయనకు జ్వరం పట్టుకుంది. చెల్లెలు సుశీలా నయ్యర్ డాక్టరు, ఆమె ఇంకో ఊళ్లో ఉంది. ఆమె వచ్చి చూడొచ్చా అని గాంధీకి చీటీ పంపారు. ఊళ్లకు వెళ్లినవాళ్లు బతికినా చచ్చినా అక్కడేనన్న నిశ్చయంతో వెళ్లాలని, జబ్బు చేస్తే అక్కడే నయం కావాలని, లేదంటే అక్కడే పోవాలని గాంధీ మాట. సుశీలకు చూసుకోవాల్సిన ఊరు ఆమెకుంది అని కూడా అన్నారు.

ఇప్పుడు మన ప్రశ్న అడగండి. 1947 జనవరి 2న గాంధీ శ్రీరాంపూర్ వదిలి నడక మొదలుపెట్టారు. మార్చి మొదటి రోజుల దాకా 47 ఊళ్లు, సుమారు 116 మైళ్లు నడిచారు. ఆ చివరి సంవత్సరాల చరిత్ర రెండు పెద్ద సంపుటాలుగా రాసిన ప్యారేలాల్ ఆ రోజుల్లో ఎక్కడున్నారు? ఎక్కువగా తన ఊళ్లో, తన పనిలో. మార్చిలో గాంధీ బీహారు వెళ్లిపోయినా ఆయన నోవాఖాలీలోనే ఉండిపోయారు. ఆ నడకకు దగ్గరి సాక్షులు వేరే వాళ్లు. డిసెంబరులో శ్రీరాంపూర్ చేరిన మను, గాంధీకి మనవరాలి వరస, రోజూ డైరీ రాసేది, గాంధీ దాన్ని చదివి సంతకం పెట్టేవారు. బోస్ తన నోట్సు తాను రాసుకున్నారు. ఆ నడక గురించి ప్యారేలాల్ రాసినా ఇంకెవరు రాసినా ఈ కాగితాల మీదే ఆధారపడాలి. అదే ప్యారేలాల్ ఒక్క భాటియాల్‌పూర్ గురించి, అక్కడ భయపడి పారిపోయిన కుటుంబాలు తిరిగి రావడం గురించి రాస్తే దానికున్న బలం వేరు.

1948 జనవరి 30 ఉదయం దీనికి పూర్తి తిరగేసిన సందర్భం. కాంగ్రెస్ కొత్త నిబంధనావళికి తాను రాసిన ముసాయిదాను గాంధీ ప్యారేలాల్ చేతికిచ్చి, ఆలోచనలో ఎక్కడైనా ఖాళీలుంటే పూరించమన్నారు. ఆ కాగితం అందుకున్న చెయ్యి ఆయనదే. ఇలాంటి చోట ఏ పరిశోధకుడూ ఆయనకు సాటిరాడు. ఒకే పుస్తకంలో, ఒకే రచయిత రాసిన రెండు పేజీలకు రెండు రకాల విలువ ఉంటుందన్నది గుర్తుపెట్టుకుంటే మీ ప్రశ్నకు సగం జవాబు దొరికినట్టే. "ఈ రచయితను నమ్మొచ్చా" అని మొత్తానికి ఒకేసారి అడగకండి, ఘట్టం ఘట్టానికీ విడివిడిగా అడగండి.

బోస్ గురించి ఒక మాట. ఆయనా ఉప్పు సత్యాగ్రహంలో ఉద్యోగం వదిలి జైలుకెళ్లినవారే, 1942లోనూ వెళ్లారు. కానీ చదువు మానవశాస్త్రం. 1953లో వచ్చిన ఆయన పుస్తకంలో, తాను పక్కనున్న కొద్ది నెలల మాటే ఎక్కువ. గాంధీతో తన విభేదాలు కూడా దాచలేదు. సాక్షి తన హద్దు తాను గీసుకుంటే ఎంత మేలో దాన్ని చూస్తే తెలుస్తుంది.

ప్యారేలాల్ దగ్గర రెండో పాఠం, పని పూర్తి కాకపోవడం. ఆయన చివరి నుంచి మొదలుపెట్టారు. 1956లో ఒకటి, 1958లో ఒకటి, అంతిమ దశ రెండు సంపుటాలు వచ్చాయి. ఇది చాలా మంచి నిర్ణయం, ఎందుకంటే ఆ సంవత్సరాల సాక్షులు అప్పటికి బతికున్నారు, ఉత్తరాలు ఎవరి దగ్గరున్నాయో తెలుసు. ఆ తర్వాత వెనక్కి, పుట్టుక దగ్గరికి వెళ్లారు. 1965లో తొలి దశ వచ్చింది. దాని తర్వాతి సంపుటం వచ్చేసరికి 1980. 1982 అక్టోబరు 27న ఆయన చనిపోయారు. మిగిలిన భాగాలు సుశీలా నయ్యర్ పూర్తి చేశారు, మొత్తం పది సంపుటాలు.

ఎందుకు అంత ఆలస్యం? కార్యకర్తకు ఏ కాగితమూ వదలబుద్ధి కాదు. ప్రతి చీటీ వెనక ఒక తోటి కార్యకర్త ముఖం కనిపిస్తుంది, తీసేస్తే అన్యాయం చేసినట్టుంటుంది. బయటివాడికి ఆ బాధ లేదు. డి.జి. టెండూల్కర్ 1951 నుంచి 1954 లోపు గాంధీ జీవితచరిత్ర ఎనిమిది సంపుటాలు తేగలిగారు. ఉపన్యాసాలు, వ్యాసాలు, ఉత్తరాలు తేదీల వరసలో పేర్చుకుంటూ పోయారు, వ్యాఖ్యానం తక్కువ. ఆ పద్ధతికి లోతు తక్కువంటారు. కానీ పూర్తయిన ఎనిమిది సంపుటాలు ఎంతమందికి పనికొచ్చాయో లెక్కలేదు. ఇంకో సంగతి, గాంధీ సంపూర్ణ రచనల పని 1956లోనే మొదలై నూరు సంపుటాలు ముగిసేసరికి 1994 అయింది. ప్యారేలాల్‌కి ఆ సౌకర్యం పూర్తిగా ఎప్పుడూ లేదు. ఇవాళ ఫలానా తేదీన గాంధీ ఏ ఊళ్లో ఉన్నారో అయిదు నిమిషాల్లో తేల్చుకోవచ్చు.

మహాదేవ్ దేశాయ్ కొడుకు నారాయణ్ దేశాయ్‌ది మరో దారి. 1924లో పుట్టి ఆశ్రమంలోనే పెరిగారు. తండ్రి చనిపోయేనాటికి పదిహేడేళ్లవాడు. భూదాన ఉద్యమంలో గుజరాత్ అంతా వేల కిలోమీటర్లు నడిచారు, శాంతిసేనలో పనిచేశారు. పుస్తకానికి కూర్చునేసరికి అరవై దాటాయి. ముందు తండ్రి జీవితచరిత్ర రాశారు, దానికి 1993లో సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. తర్వాత గుజరాతీలో గాంధీ జీవితచరిత్ర నాలుగు సంపుటాలు. ఆయన చూసింది చిన్నపిల్లాడి కళ్లతో, అదీ ఆశ్రమం గోడల మధ్య. మిగతాదానికి తండ్రి డైరీలు పెద్ద ఆసరా. మహాదేవ్ 1917 నవంబరు 13న మొదలుపెట్టి 1942 ఆగస్టు 14 దాకా, అంటే చనిపోయే ముందురోజు దాకా రాశారు. దగ్గర దగ్గర పాతికేళ్లు. విన్న మాట విన్న రోజే కాగితం మీద పెట్టిన మనిషి ఆయన. అసలైన జీవితచరిత్ర ఆ డైరీలోనే పుట్టింది, తర్వాత వచ్చినవాళ్లు దాన్ని కట్టగట్టారు.

ఇక్కడి నుంచి, మన తెలుగు కార్యకర్తలు రాసే జీవితచరిత్రల గురించి చెప్పాలి. వీటిలో చాలావాటికి తేదీ ఉండదు. "ఆ రోజుల్లో ఒకసారి", "అప్పట్లో జరిగిన మహాసభలో" అని వాక్యం మొదలవుతుంది. ఏ సంవత్సరం? ఏ ఊరు? ఎవరెవరున్నారు? పుస్తకం చివర పేర్ల సూచిక ఉండదు. సూచికకు పట్టేది ఒక ఫారం, అంటే పదహారు పేజీలు. సన్మాన ఫోటోలకు రెండు ఫారాలు ఇచ్చి దాన్ని తీసేస్తారు. నాలుగు వందల పేజీల పుస్తకంలో ఒక చిన్న ఊరి కార్యకర్త పేరు వెతకాలంటే మొత్తం చదవాలి. వేల మంది పేర్లు ఇలా అచ్చులోనే పూడిపోయాయి.

రాయబోయేవాళ్లకు పద్ధతి చెబుతాను. మొదటి అధ్యాయం కన్నా ముందు తేదీల పట్టిక తయారు కావాలి. ఒక్కో ఘట్టానికి ఒక్కో కార్డు, లేదా కంప్యూటర్లో ఒక్కో వరుస. ఆరు గళ్లు చాలు: తేదీ, చోటు, అక్కడున్నవాళ్లు, ఆ వేళ రచయిత ఎక్కడ, ఆధారం ఏమిటి, ఎంత నమ్మకం. నాలుగో గడిని ఎవరూ పెట్టుకోరు, అదే అన్నిటికన్నా ముఖ్యం. ఆ గడిలో "లేను" అని రాసుకున్న ప్రతి ఘట్టానికీ పుస్తకంలో సాక్షి పేరు వచ్చి తీరాలి.

తేదీలు తప్పేది ఎక్కువగా నాలుగు చోట్ల. దినపత్రికలో వార్త జరిగిన మర్నాడు వస్తుంది, పల్లె నుంచి విలేకరి పోస్టులో పంపిన వార్తయితే మూడు నాలుగు రోజులు కూడా పట్టేది. పత్రిక తేదీనే సభ తేదీగా ఎక్కించేస్తారు. రెండోది తిథి. పంచాంగం రోజు సూర్యోదయంతో మొదలవుతుంది, అర్ధరాత్రి దాటాక తెల్లవారుజామున ఎవరైనా పోతే ఇంట్లో చెప్పే రోజుకీ ఇంగ్లీషు తేదీకీ ఒక రోజు తేడా వస్తుంది. మూడోది తెలుగు సంవత్సరం పేరు. యువ అంటే 1935 అని రాసేస్తారు. కానీ యువ నామ సంవత్సరం 1936 ఉగాది ముందురోజు దాకా ఉంటుంది, సంక్రాంతికి జరిగిందంటే అది 1936. నాలుగోది జైలు విడుదల. శిక్షాకాలం కూడి తేదీ వేస్తారు, మధ్యలో మాఫీ అయిన రోజులు మరిచిపోతారు.

పోలీసు కాగితాలను కార్యకర్తలు ముట్టుకోరు, శత్రువు రాసిందని. ఇది పెద్ద పొరపాటు. తేదీ, చోటు, వక్తల వరస, జనం ఎంతమంది అన్నదాంట్లో ఆ రిపోర్టులు చాలాసార్లు మన జ్ఞాపకం కన్నా నయం. మాటల విషయంలో మాత్రం నమ్మకూడదు. తెలుగు ఉపన్యాసాన్ని షార్ట్‌హ్యాండ్‌లో ఎక్కించుకుని, ఇంగ్లీషులోకి తిప్పి, పైఅధికారికి పంపేవారు. దాన్ని మళ్లీ తెలుగులోకి తెచ్చి కొటేషన్లో పెడితే ఆ మాట ఎవరిదీ కాదు. సారాంశం రాయండి, కొటేషన్ గుర్తులు తీసేయండి. 1953కు ముందు మద్రాసు రాష్ట్రంలో ఉన్న జిల్లాల సంగతులకు చెన్నై ఎగ్మూరులోని రాష్ట్ర పత్రభాండాగారం చూడాలి. నిజాం రాజ్యం సంగతులకు హైదరాబాద్ తార్నాకలోది, అక్కడ ఉర్దూ చదవగలిగేవాళ్ల సాయం కావాలి. పాత పత్రికలకు వేటపాలెం సారస్వత నికేతనం, ప్రైవేటు కాగితాలకు ఢిల్లీ తీన్‌మూర్తి గ్రంథాలయం. ప్యారేలాల్ కాగితాలు కూడా అక్కడికే చేరాయి.

ఇంటర్వ్యూల్లో "ఆయన ఎలాంటి మనిషి?" అని అడగకండి. సంతాప సభ ఉపన్యాసం వస్తుంది. "మీటింగ్ అయ్యాక ఎక్కడ పడుకున్నారు? అన్నం ఎవరింట్లో? సైకిలు ఎవరిది?" అని అడగండి. చోటూ వస్తువూ గుర్తొస్తే మనుషులు వాటి వెనకే వస్తారు. ఇద్దరు పాత సహచరుల్ని కలిపి కూర్చోబెట్టకండి, గట్టిగా మాట్లాడేవాడి జ్ఞాపకమే ఇద్దరిదీ అవుతుంది. విడివిడిగా మాట్లాడాక, తేడా వచ్చిన చోట మాత్రం కలపండి. గంట రికార్డింగు కాగితం మీదికి ఎక్కించడానికి అయిదారు గంటలు పడుతుంది. కాబట్టి ఇరవై ఇంటర్వ్యూలు పోగేసి తర్వాత చూద్దామనుకోకుండా, ఒకటి అయిన వారంలోపే ఎక్కించేయండి. పేర్లు సరిగా వినపడని చోట ఫోన్ చేసి అడిగే అవకాశం అప్పుడే ఉంటుంది.

చట్టం సంగతి. మీకొచ్చిన ఉత్తరం కాగితంగా మీది, అందులోని రాతపై హక్కు మాత్రం రాసినవారిది, వారి తర్వాత వారసులది. మన దేశంలో ఆ హక్కు రచయిత పోయిన ఏడాది ముగిశాక 60 ఏళ్లు ఉంటుంది. 1948లో పోయిన గాంధీ రచనలు 2009 జనవరి 1న అందరివీ అయ్యాయి. ఉత్తరం మొత్తం అచ్చేయాలంటే లిఖితపూర్వక అనుమతి తీసుకోండి, అదీ పుస్తకం ప్రెస్సుకు వెళ్లే ముందు కాదు, ఉత్తరం కాపీ తీసుకున్న రోజే. చనిపోయినవాళ్ల గురించి ఏం రాసినా ఫర్వాలేదనుకోవడం కూడా తప్పు. కుటుంబాన్ని నొప్పించే ఉద్దేశంతో రాస్తే అది పరువునష్టం కిందికి రావచ్చని భారతీయ న్యాయ సంహిత 356వ సెక్షన్ వివరణలోనే ఉంది. పార్టీ చీలికల గురించి రాసేవాళ్లు ఆ అధ్యాయాన్ని వకీలుతో చదివించాలి.

చీలికల దగ్గరే కార్యకర్త రచయిత చెయ్యి వణుకుతుంది. బయటికెళ్లిన సహచరుణ్ణి వాక్యంలోంచే తీసేస్తాడు. "కమిటీ నిర్ణయించింది" అంటాడు, కమిటీలో ఎవరున్నారో చెప్పడు. నా అభిప్రాయం గట్టిది: ద్రోహి అని తిట్టినా సరే, పేరు ఉంచండి. తిట్టిన పేరును రేపు ఇంకొకరు పరిశీలించుకోగలరు, తుడిచేసిన పేరు మళ్లీ దొరకదు.

ఆఖరిగా, ఇంకా రాయడానికి కూర్చోని పాత కార్యకర్తల ఇళ్లలోని ట్రంకు పెట్టెల గురించి. కరపత్రాలు, మినిట్స్ పుస్తకాలు, జైలు ఉత్తరాలు వాటిలోనే ఉన్నాయి, తర్వాతి తరం వాటిని పాత పేపర్ల కింద తూకానికి అమ్మేస్తోంది. పెట్టెను నేల మీది నుంచి తీసి బల్ల మీద పెట్టండి, తేమ గచ్చులోంచే ఎక్కుతుంది. గుండుసూదులు, క్లిప్పులు తీసేయండి, తుప్పు కాగితాన్ని తినేస్తుంది. చిరిగిన చోట సెలోటేప్ వేయకండి, నాలుగైదేళ్లకు జిగురు పసుపెక్కి అక్షరాన్ని మింగేస్తుంది. లామినేషన్ అసలే వద్దు, దాన్ని మళ్లీ విప్పడం దాదాపు కుదరదు. స్కాన్ చేస్తే కాగితాలకు 300 డీపీఐ, ఫోటోలకు 600. ఫైలు పేరు సంవత్సరం, నెల, తేదీ వరసలో పెడితే కంప్యూటరే కాలక్రమంలో పేరుస్తుంది. ఉత్తరాలతో పాటు కవర్లు కూడా దాచండి, తేదీ వేయని ఉత్తరానికి పోస్టు ముద్రే సాక్ష్యం. ఫోటో వెనక బాల్‌పెన్‌తో రాస్తే నొక్కు ముందుకు తేలుతుంది, మెత్తటి పెన్సిలుతో ఎడమ నుంచి కుడికి వరసగా పేర్లు రాయండి. తెలియని మనిషి దగ్గర ఖాళీ వదిలి, ఆ ఫోటో కాపీని అందులో ఇంకా బతికున్నవాళ్ల దగ్గరికి ఈ నెలలోనే తీసుకెళ్లండి.